పెన్ కిట్ ప్యాకెట్‌పై తప్పు డ్రిల్ బిట్ సైజు: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పెన్ కిట్ స్టిక్కర్ మీద 10.5 మి.మీ. అని, లోపలి కాగితంలో 27/64 అంగుళాలు అని వేయడం వల్ల జరిగిన నష్టం గురించి.

అయ్యా,

నేను రాజమహేంద్రవరంలో ఇంట్లోనే చిన్న లేత్ పెట్టుకుని, ఆర్డర్ల మీద చెక్క పెన్నులు, యాక్రిలిక్ పెన్నులు చేసి ఇస్తుంటాను. ఒకే ట్యూబు ఉండే మీ ట్విస్ట్ పెన్ కిట్లు, అంటే తిప్పితే రీఫిల్ బయటికొచ్చే పెన్నుకి కావాల్సిన లోహపు భాగాల సెట్లు, చాలాకాలంగా కొంటున్నాను. పోయిన నెల వచ్చినవి కూడా అదే కోడ్, అదే స్టిక్కర్. ‘డ్రిల్ బిట్ 10.5 మి.మీ.’ అని స్టిక్కర్ మీద స్పష్టంగా ఉంది, మీ సైట్‌లోనూ అదే ఉంది. దాని ప్రకారమే బ్లాంకులన్నిటికీ (పెన్ను చేయడానికి కోసుకున్న చెక్క, యాక్రిలిక్ ముక్కలకి) రంధ్రాలు వేసి పెట్టుకున్నాను. తీరా ఇత్తడి ట్యూబు ఎక్కించబోతే ఒక్కదాంట్లోనూ దిగలేదు.

మందం, వ్యాసం కొలిచే డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి చూశాను. నా దగ్గర మిగిలిన పాత కిట్టు ట్యూబు బయటి వ్యాసం 10.38 మి.మీ. కొత్త ట్యూబుది 10.60. పాతదానికి 10.5 రంధ్రంలో 0.12 మి.మీ. సందు దొరికేది. ట్యూబు చుట్టూ జిగురు నిలవాలంటే ఆ మాత్రం సందు ఉండాల్సిందే. కొత్తదైతే రంధ్రం కన్నా ట్యూబే లావు. ప్యాకెట్ లోపల మడత పెట్టిన కాగితం తీసి చూస్తే, చిన్న అక్షరాల్లో 27/64 అంగుళాలు అని ఉంది. లెక్క కడితే అది 10.72 మి.మీ. ఆ సైజు ఈ ట్యూబుకి సరిగ్గా సరిపోతుంది. అంటే ట్యూబు మార్చారు, కాగితం మార్చారు, పైన స్టిక్కర్ మాత్రం పాతదే ఉంచేశారు.

ఫోన్ చేస్తే మీవాళ్లు, ‘అదే రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసుకోండి’ అన్నారు. ఈ పని తెలిసినవాళ్లు ఆ మాట అనరు. ఒకసారి వేసిన రంధ్రంలో 0.2 మి.మీ. పెద్ద బిట్ దింపితే దాని మొనకి పట్టు దొరకదు. అంచులు మాత్రమే కోస్తాయి, ఒక్కసారిగా పట్టేసి లోపలికి లాగేస్తాయి. యాక్రిలిక్ అయితే చివర పెచ్చు లేస్తుంది, చెక్క అయితే నార వెంట చీలుతుంది. నాకు చీలినది మామూలు చెక్క కాదు. ఒక కస్టమర్ తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు దాచుకున్న టేకు ద్వారబంధం ముక్క అది. వాళ్ల నాన్నగారికి కానుకగా ఇద్దామని నా చేతికిచ్చారు. దానికి బదులు నేను ఏ టింబర్ డిపోలో కొనివ్వను?

‘ట్యూబుని ఎమరీ పేపర్‌తో అరగదీయండి’ అన్నది ఇంకో సలహా. జిగురు బాగా పట్టడానికి పైపైన గరుకు చేయడం అందరం చేసేదే. పల్చటి ఇత్తడిని చేత్తో 0.2 మి.మీ. అరగదీస్తే అది గుండ్రంగా మిగలదు. రెండు చివర్లా నొక్కి బిగించే భాగాలు ఆ ట్యూబు పట్టు మీదే నిలబడాలి.

ఇక 27/64 బిట్ కోసం ఇక్కడి హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగాను. మూడు నూళ్లు, నాలుగు నూళ్లు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) అడిగితే వెంటనే తీసిస్తారు, మధ్యలో ఈ సైజు ఎవరి దగ్గరా లేదు. మనం వాడేది మిల్లీమీటర్లు. కొలతలు మెట్రిక్‌లోనే చెప్పాలని 2009 లీగల్ మెట్రాలజీ చట్టం కూడా అంటోంది. విదేశీ కాగితాన్ని ఉన్నదున్నట్టు ప్యాకెట్‌లో పెట్టి అమ్మడం మీకు సులువే, కష్టమంతా కొన్నవాళ్లది.

కాబట్టి ఈ బ్యాచ్ అమ్మకం వెంటనే ఆపి స్టిక్కర్ సరిచేయండి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ మెసేజ్ పంపండి. పెన్నులు చేయడం ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు తప్పు తమదే అనుకుని వదిలేస్తారు, అది నాకు ఎక్కువ బాధగా ఉంది. ఇకపై ప్రతి కిట్టు మీదా బిట్ సైజు పక్కనే ట్యూబు బయటి వ్యాసం కూడా మిల్లీమీటర్లలో వేయండి. రెండు ట్యూబులు ఉండే కిట్లలో దేనికి ఏ బిట్టో విడివిడిగా రాయాలి. ఆ అంకె ఉంటే ఎవరైనా వెర్నియర్ పెట్టి ముందే సరిచూసుకోగలరు. నాకు 10.38 ట్యూబులున్న కిట్లు మార్చి ఇవ్వండి, పాడైన బ్లాంకుల ఖరీదు చెల్లించండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
రాజమహేంద్రవరం

జతపరిచినవి: బిల్లు కాపీ, స్టిక్కర్ ఫోటో, లోపలి కాగితం ఫోటో, రెండు ట్యూబుల కొలత కనిపించే ఫోటోలు, చీలిన టేకు బ్లాంకు ఫోటో.