మా మేనకోడలి చదువు నిలబెట్టిన ధర్మనిధికి కృతజ్ఞతలు

చిత్తూరులో మా మేనకోడలు చదివిన కాథలిక్ ఉన్నత పాఠశాలకు, అక్కడ తమ తల్లిగారి పేరిట స్మారక ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబానికి, అదే బడిలో ఆయాగా పనిచేసిన ఆయమ్మ గౌరవార్థం ఉపకార వేతనం ఏర్పాటు చేసిన పూర్వ విద్యార్థులకు మా అక్క తరఫున, నా తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పిల్ల పేరు గాని, దాతల పేర్లు గాని రాయడం లేదు. అందుకు కారణం దానపత్రంలోనే ఉంది, ముందుకు చెబుతాను.

మా బావగారు మామిడికాయలను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే మినీలారీ నడిపేవారు. తోతాపురి కోతలు జోరుగా సాగే జూన్ నెలలో, ఒక రాత్రి లోడు దించి తిరిగివస్తూ ప్రమాదంలో కన్నుమూశారు. పిల్ల తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. రావలసిన బీమా సొమ్ము నేటికీ చేతికి అందలేదు. కర్మక్రతువులు ముగిసేసరికి మొదటి విడత ఫీజు గడువు దాటిపోయింది.

నేను దస్తావేజు లేఖరిని. కాగితాలతోనే బతుకు గనుక తెలిసిన దారులన్నీ వెతికాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉచిత విద్యకు ఇచ్చే హామీ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. పైగా ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఏడాదికి 12,000 రూపాయలు ఇచ్చే జాతీయ ప్రతిభా ఉపకార వేతనం ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకే గాని, మా పిల్ల చదివే అన్ ఎయిడెడ్ బడి వారికి రాదు. ఇక బడి మాన్పించి వేరే చోట చేర్చడమే మిగిలిందనుకుని, మా అక్క టీసీ అడగడానికి వెళ్లింది.

ప్రధానోపాధ్యాయురాలైన సిస్టరుగారు ఆ మాట విని, "టీసీ సంగతి తరువాత చూద్దాం, ముందు కూర్చోమ్మా" అని మంచినీళ్లు తెప్పించారు. ఆ తరువాత బీరువాలోంచి ఒక దరఖాస్తు తీసి ముందుంచారు. అది ఒకే పుట. కులం గాని, మతం గాని అడిగే గడి అందులో లేదు. మేము వెంకటేశ్వరస్వామిని కొలిచే వాళ్లం; ఆ విషయం ఆ గదిలో ఎవరికీ పట్టలేదు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. తొమ్మిది, పది తరగతుల ఫీజు మొత్తం స్మారక నిధి భరిస్తుందని అందులో ఉంది. మా అక్క ఆ ఉత్తరాన్ని చదవమని నాకిచ్చి, నేను చదువుతుండగా పక్కన నిలబడి రెండోసారి, మూడోసారి చదివించుకుంది.

ఆ నిధి ఎవరిదో తెలుసుకోవాలనిపించి అడిగాను. ఆ బడిలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పిన ఒక టీచరమ్మ చనిపోయాక, ఆమె పిల్లలు ఆమె పేరిట పెట్టిన నిధి అది. నా వృత్తి చెప్పి, అభ్యంతరం లేకపోతే దానపత్రం చూపించమని ప్రాధేయపడ్డాను. సిస్టరుగారు కాదనలేదు. రోజూ ఎన్నో పత్రాలు రాసే నేను ఇంత శ్రద్ధగా రాసిన రెండు పుటలను అరుదుగా చూశాను. అసలు సొమ్ము ఎన్నటికీ ముట్టరాదు. వచ్చే వడ్డీలో కొంత భాగాన్ని ఏటా తిరిగి అసలుకే కలపాలి. మిగిలినదే ఫీజులకు వాడాలి. ఈ కలపడం అనే షరతు చాలామంది దాతలకు తట్టదు. మూడు లక్షలు డిపాజిట్ చేస్తే ఏడు శాతం వడ్డీకి ఏడాదికి ఇరవై ఒక్క వేలు వస్తుంది. ఈనాడు అది ఒక పిల్ల ఫీజుకు సరిపోయినా, ఫీజులు పెరిగేకొద్దీ పదేళ్లకు సగం ఫీజుకైనా చాలకపోవచ్చు. ఆ లెక్క వేసి రాసినవారు లెక్కల టీచరమ్మ బిడ్డలేనని ఆ షరతే చెబుతుంది.

ఇంటి పెద్ద చనిపోయిన పిల్లలకు మొదటి ప్రాధాన్యమని ఇంకొక షరతు. ఆ టీచరమ్మ కూడా చిన్నతనంలో తండ్రిని పోగొట్టుకున్నారట. సాయం పొందిన పిల్ల పేరును వేదికపై చదవరాదు, నోటీసు బోర్డులో పెట్టరాదు, దాతల పేర్లు కూడా ప్రచారం చేయరాదు అన్నది చివరి షరతు. ఆ కాగితం మీద నా కళ్లు ఎక్కువసేపు నిలిచింది ఇక్కడే. రెండేళ్లపాటు మా పిల్ల తన తరగతిలో అందరిలాగే కూర్చుని చదువుకుంది.

మన వైపు వాళ్లకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి భక్తులు ఇచ్చే విరాళాలను బ్యాంకుల్లో వేసి, వడ్డీతోనే వండి వడ్డిస్తున్నారు. కాథలిక్కుల శ్రీసభకు కూడా దీనిపై కట్టుబాటు ఉంది. ధార్మిక కార్యాలకు దాతలు ఇచ్చినదాన్ని వారి సంకల్పం ప్రకారమే అత్యంత శ్రద్ధతో నెరవేర్చాలని 1983లో వెలువడిన చట్టస్మృతిలోని 1300వ నియమం చెబుతుందని సిస్టరుగారి ద్వారా తెలిసింది. ఏటా నవంబరు 2న, చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించే రోజున, ఆ టీచరమ్మను కూడా తలుచుకుంటారట. కిందటి నవంబరులో మా పిల్ల తనంతట తానే వెళ్లి, చర్చిలో వెనుక బెంచీలో కూర్చుని వచ్చింది.

ఇక పుస్తకాలు, యూనిఫారం, బస్సు పాసు ఖర్చులు చూసింది రెండో నిధి. ఆ బడిలో గంట కొట్టి, చిన్నపిల్లల ముక్కులు తుడిచి, దెబ్బ తగిలితే పసుపు అద్ది పదవీ విరమణ చేసిన ఆయమ్మ గౌరవార్థం పూర్వ విద్యార్థులు తలా కొంత వేసి పెట్టిన నిధి అది. చనిపోయిన తరువాత పేరు పెట్టడం వేరు, ఆమె కళ్లెదుటే పెట్టడం వేరు. జూన్‌లో పుస్తకాలు ఇచ్చే రోజున ఆయమ్మే వచ్చి, ఆఫీసు గదిలో, ఎవరూ లేనప్పుడు, తన చేతులతో ఇస్తుంది. పదో తరగతి పుస్తకాలు ఇచ్చిన రోజున పిల్ల వెంట నేను వెళ్లాను. ఆయమ్మ పైనున్న లెక్కల పుస్తకాన్ని చీరకొంగుతో తుడిచి, "ఏమ్మా, పోయినేడు బుక్కులకు అట్టలేసుకున్యావా?" అని అడిగింది. పిల్ల తలూపగానే నెత్తి మీద చెయ్యి వేసింది. ఆ టీచరమ్మ పాదాలకు మొక్కే అవకాశం మాకు లేకపోయింది గాని, ఆయమ్మ పాదాలకు మొక్కగలిగాం.

పిల్ల పదో తరగతి ప్రథమ శ్రేణిలో పూర్తిచేసి, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది. తన పేరు లేకుండా ఈ విషయం రాయమని అడిగింది కూడా తనే. టీచరమ్మ పిల్లలు దూరాన ఉంటారని విన్నాను. వారి కంట ఈ మాటలు పడితే ఒక మనవి: మీ అమ్మగారికి మా పిల్ల రాసిన ఉత్తరం, లెక్కల నోటుబుక్కులోంచి చించిన కాగితం మీద రాసినది, సిస్టరుగారి దగ్గర కవరులో భద్రంగా ఉంది. వచ్చినప్పుడు దయచేసి తీసుకోండి.