గ్లాస్గోలో ఉన్న సుజాతకు

అమలాపురం

ప్రియమైన సుజాతా,

నీ ఉత్తరం చదివి ముందు అసూయపడ్డాను, తర్వాత తీరిగ్గా ఇంకోసారి పడ్డాను. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే ఈ గుండె వైఫల్యం రోగుల కోసమే ప్రత్యేకంగా నర్సులుంటారనీ, మందు మోతాదు పెంచడం కూడా మీ చేతిలోనే ఉంటుందనీ ఎంత మామూలుగా రాశావే! ఇక్కడ నేను రక్తపోటు చూసి డాక్టరుగారికి చెప్పాలి, ఆయన చీటీ మీద రాయాలి. ఈలోగా రోగి ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతుంది.

మీ ఊళ్ళోనే 165 మంది రోగులతో చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది, తెలుసా? నర్సులు ఇళ్ళకు వెళ్ళి, ఫోన్లు చేసి కనిపెట్టుకుని ఉన్నవారిలో, గుండె వైఫల్యంతో మళ్ళీ ఆసుపత్రిలో చేరడం సగానికి పైగా తగ్గింది. నెదర్లాండ్స్‌లో వెయ్యి మందికి పైగా రోగులతో చేసి 2008లో ప్రచురించినదానిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ ప్రత్యేక నర్సు లేని రోగులకు కూడా గుండె డాక్టరు క్రమం తప్పకుండా దొరకడమే కారణమని నా అనుమానం. మరి మా రోగులకు అంత సులువుగా దొరుకుతారా?

వార్డులో ఇంజెక్షనుతో నీరు లాగేసి, ఆయాసం తగ్గించి పంపడం మాకు బాగానే వచ్చు. చిక్కంతా వాళ్ళు ఇల్లు చేరాకే, ఉప్పు తింటే నీరు మళ్ళీ చేరుతుంది. "ఉప్పు తగ్గించారా బాబాయ్‌గారూ?" అంటే "తగ్గించానమ్మా" అంటారు. అబద్ధం కాదు, కూరలో నిజంగానే తగ్గించారు. ఆవకాయ, ఉప్పు చేప, ఎండు రొయ్యలు, అప్పడం, మజ్జిగ మిరపకాయ మాత్రం ఆయన లెక్కలోకి రావు. అందుకని ఇప్పుడు ఉప్పు మాట ఎత్తకుండా, "నిన్న మధ్యాహ్నం కంచంలో ఏమేమి వడ్డించారు పిన్నిగారూ?" అని ఆవిడను అడుగుతున్నాను. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. నిద్ర సంగతీ అంతే. "బాగానే పడుకుంటున్నారండి" అంటారు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది కాబట్టి, ఎన్ని తలగడలు పెట్టుకుంటున్నారని అడిగితే, పడుకునేది మంచం మీద కాదు, వాలుకుర్చీలోనని తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది సెలైను. నీరసంగా ఉందంటే చాలు, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సీసా ఎక్కించేస్తాడు. అర లీటరు మామూలు సెలైనులో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆరోగ్యవంతుడికే రోజుకు 5 గ్రాములు దాటకూడదంటారు కదా! పిన్నిగారు నెల రోజులు చప్పిడి కూర వండి సాధించినదాన్ని ఒక్క సాయంత్రం పోగొడతాడు. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఇంకో తలనొప్పి. అవి కూడా ఒంట్లో నీటిని నిలబెడతాయి.

ఇక కోనసీమలో కూర్చుని కొబ్బరినీళ్ళు జాగ్రత్త అని చెప్పాల్సి రావడం చూడు! ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టే స్పైరోనోలాక్టోన్ మాత్ర వేసుకుంటూ, మూత్రపిండాలు కూడా అంతంత మాత్రంగా ఉన్నవాళ్ళు రోజూ బొండాలు తాగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. "చలవ చేస్తుంది కదమ్మా, మన చెట్టుదే" అంటారు. చెట్టు ఎవరిదైనా పొటాషియం ఒకటేనని చెబితే నవ్వుతారు. నవ్వినవాళ్ళు కొంత వింటారు కూడా.

బరువు చూసుకోవడం మాత్రం బాగానే అలవాటు చేయగలుగుతున్నాం. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు చూసుకుని, గోడ మీది క్యాలెండరులో తిథి పక్కనే రాయమంటున్నాను. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే, కాళ్ళ వాపు కోసం ఎదురుచూడకుండా ఫోను చేయమంటున్నాను. వాపు కనిపించేసరికి లోపల చాలా నీరు చేరిపోయి ఉంటుంది. ఇంట్లో తూకం యంత్రం లేని ఒకాయన ఎరువుల కొట్టుకు వెళ్ళి బస్తాల కాటా మీద నిలబడుతున్నాడు. కొట్టువాడే అంకె రాసి పెడుతున్నాడట.

మూత్రం ఎక్కువగా తెప్పించే నీరు మాత్ర గురించి నీకు చెప్పనక్కర్లేదు. రాజమండ్రి ప్రయాణం ఉంటే ఆ రోజు మానేస్తారు, దారిలో బస్సు ఆపరు కాబట్టి. మానవద్దు, ఇంటికి వచ్చాక వేసుకోండి అంటే ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారో! ఆ మాట ముందే ఎవరూ చెప్పలేదంటారు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు మొదలుపెట్టిన కొత్తలో నీరసం వస్తుందని కూడా ముందే చెప్పాలి. లేకపోతే వారానికే ఆపేస్తారు. అక్కడినుంచి మళ్ళీ ఆర్‌ఎంపీ, మళ్ళీ సెలైను.

ఊరి క్లినిక్కుల్లో ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఉన్నారు. డిశ్చార్జి అయినవాళ్ళ క్యాలెండరు వారానికోసారి వాళ్ళు చూస్తే సగం పని అయినట్టే. పెద్ద సిస్టరుగారిని అడిగాను. "రాతపూర్వకంగా ఇవ్వు, చూద్దాం" అన్నారు. ఆవిడ చూద్దామంటే నిజంగానే చూస్తారు, అందుకే నాకు తొందర.

మీ క్లినిక్కులో రోగిని మొదటిసారి అడిగే ప్రశ్నల కాగితం ఉంటుందన్నావు కదా, ఖాళీది ఫొటో తీసి పంపు. నాడి ఎంతకు తగ్గితే మీరు బీటా బ్లాకర్ పెంచడం ఆపుతారో కూడా రాయి. అక్కడి తిండి సంగతులు నాకు అక్కర్లేదులే, ఆ పేజీ నేనే రాసుకుంటాను.

నీ
లక్ష్మి