శనివారం సాయంత్రం అత్తో (బర్మా నూడుల్స్) తిందాం, రండి!

అందరికీ నమస్కారం 🙏

ఈ శనివారం మన గ్రూప్ మకాం చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర సెకండ్ లైన్ బీచ్ రోడ్డు. బర్మా బజార్ పక్కనే ఉండే అత్తో బండ్ల దగ్గరకి వెళ్దాం.

సాయంత్రం 6 గంటలకల్లా మాంబళం స్టేషన్ టికెట్ కౌంటర్ దగ్గర ఉండండి. బీచ్ లోకల్ ఎక్కి చివరి స్టేషన్‌లో దిగడమే. బైకులూ కార్లూ వద్దు బాబూ, అక్కడ పార్కింగ్ నరకం.

అత్తో తెలియనివాళ్లకి: 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కాక తిరిగొచ్చిన తమిళ కుటుంబాలు తెచ్చిన నూడుల్స్ ఇవి. నారింజ రంగు నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి నూనె, చింతపండు పులుసు, దంచిన ఎండుమిర్చి వేసి, గిన్నెలో చేత్తోనే గబగబా కలిపి ఇస్తారు. పక్కన వేడివేడి అరటి దవ్వ సూప్. ఉడికిన గుడ్డుని చీల్చి అందులో వేయించిన ఉల్లి కూరి ఇచ్చే ముట్ట మసాలా మాత్రం వదలకండి. నా ఓటు దానికే!

శాకాహారులు ముందే చెప్పండి. కొన్ని బండ్ల దగ్గర ఎండు రొయ్యల పొడి వేస్తారు, కలిపేలోపే వద్దనాలి. కారం తక్కువ కావాలన్నా అంతే.

తలా రెండొందలు సరిపోతుంది. చిల్లర, మంచినీళ్ల సీసా మర్చిపోకండి. కూర్చోవడానికి చోటు ఆశించొద్దు, నిలబడే తినాలి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, ఎంతమందో ఇక్కడే పెట్టండి. 👍 ఒక్కటే పెడితే లెక్కలోకి రాదు!