హోంవర్కు యాప్‌లకు సమీకరణాలు దిద్దడం నేర్పాలి

సంపాదకులకు,

అయ్యా,

మా మనవరాలు విశాఖలోనే ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ బడిలో ఈ సంవత్సరం నుంచి లెక్కల హోంవర్కును ఒక యాప్‌లో ఇస్తున్నారు. పిల్లలు సమాధానం టైపు చేయగానే యాపే దిద్ది మార్కు వేస్తుంది. పోయిన నెల అందులో ఒక లెక్క వచ్చింది. ఆటోకు మొదటి కిలోమీటరుకు 30 రూపాయలు, ఆపైన ప్రతి కిలోమీటరుకు 15 రూపాయల చొప్పున అయితే, ఎక్స్ కిలోమీటర్లకు అయ్యే ఛార్జీ వై రూపాయలను సమీకరణంగా రాయాలి. మా మనవరాలు వై = 30 + 15(ఎక్స్ − 1) అని రాసింది. యాప్ తప్పు గుర్తు పెట్టి, సరైన సమాధానం వై = 15ఎక్స్ + 15 అని చూపింది.

ఈ రెండూ ఒకటేనని తెలియడానికి కుండలీకరణం విప్పితే చాలు. పైగా, మొదటి కిలోమీటరును విడదీసి, మిగిలిన వాటికే 15 చొప్పున కట్టాలన్న ఆలోచన ఆ పిల్ల రాసిన రూపంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దిన నా చేతికి అది వచ్చి ఉంటే సంతోషంగా పూర్తి మార్కులు వేసేవాణ్ణి. యాప్ తయారుచేసినవారు మాత్రం పిల్లల సమాధానాన్ని తమ దగ్గరున్న సమాధానంతో అక్షరానికి అక్షరం పోల్చి ఊరుకున్నారని తేలిగ్గానే అర్థమవుతోంది. ఒకే రేఖీయ సమీకరణాన్ని అనేక రూపాల్లో రాయవచ్చునని నేర్పే పాఠానికి, ఇంటర్‌లో ఒకే సరళరేఖను వాలు–అంతరఖండ రూపం నుంచి అంతరఖండ రూపానికి మార్చమని అడిగే పాఠానికి, ఇటువంటి దిద్దుబాటు పూర్తిగా విరుద్ధం.

విమర్శించడం తేలిక కనుక, ఒక పాత విద్యార్థి సాయంతో ఆ పని నేనే చేసి చూశాను. సాయంత్రాలు నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లల కోసం ఇదే ఆటో లెక్కను ప్రోగ్రాముగా రాశాం. సరైన రేఖ మీది కొన్ని బిందువులను తీసుకుని, పిల్లవాడి సమీకరణం వాటి దగ్గర నిజమైతే ఒప్పు అనమన్నాం. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు ఒక చురుకైన కుర్రాడు వై = వై అని కొట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. సర్వసమీకరణం ఏ బిందువు దగ్గరైనా నిజమే కదా! సంగతి బయటపడేసరికి మిగిలిన పిల్లలూ ఆ రహస్యం నేర్చేసుకున్నారు.

తరువాత పద్ధతి మార్చాం. రెండు సమీకరణాల్లోనూ ఎడమవైపు నుంచి కుడివైపును తీసివేసి, ఎక్స్‌కు, వైకి ఏవో విలువలు ఇచ్చి, వచ్చిన రెండు సంఖ్యల నిష్పత్తి చూడాలి. ఉదాహరణకు ఎక్స్ = 2, వై = 10 అయితే మా సమాధానం నుంచి −35 వస్తుంది; 15ఎక్స్ − వై + 15 = 0 అని రాసిన పిల్ల సమాధానం నుంచి 35 వస్తుంది. ఎక్స్ = 5, వై = 100 అయితే ఒకదానికి 10, మరొకదానికి −10. నిష్పత్తి రెండు చోట్లా −1 గనుక సమాధానం ఒప్పు. వై/15 = ఎక్స్ + 1 అని రాసినా ప్రతిచోటా 1/15 వస్తుంది, అదీ ఒప్పే. వై = వై అని రాస్తే సున్నా వస్తుంది, అది చెల్లదు. తప్పు సమాధానం కూడా పొరపాటున ఇలా గట్టెక్కుతుందేమో అనుకోనక్కరలేదు. మొదటి పరిమాణ (ఘాతం ఒకటికి మించని) బహుపదుల్లో, వెయ్యి పూర్ణాంకాల్లోంచి విలువలను యాదృచ్ఛికంగా తీసుకుంటే, సున్నా కాని బహుపది పొరపాటున సున్నా అయ్యే అవకాశం వెయ్యింట ఒకటికి మించదు. మళ్లీ ఒకసారి పరీక్షిస్తే పది లక్షల్లో ఒకటి. ఈ లెక్కకు ఆధారమైన సిద్ధాంతం 1980 నాటికే ఉంది.

అయితే ఏది ఒప్పో తేల్చే పని ప్రోగ్రామరు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. (వై − 15)/ఎక్స్ = 15 అని రాసిన పిల్లకు ఏమివ్వాలి? నిష్పత్తి నిలకడగా రాదు, ఎక్స్ = 0 దగ్గర ఒక బిందువు పోయింది. కానీ సున్నా కిలోమీటర్లకు ఆటో ఎవరూ ఎక్కరు. ఇక్కడ తప్పు గుర్తు కంటే "రెండు వైపులా ఎక్స్‌తో గుణించి చూడు" అన్న సూచన మేలని నా అభిప్రాయం. ఇంకొక చిక్కు దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. 2ఎక్స్ + 5 = 11 సాధించమంటే, ఆ సమీకరణాన్నే తిరిగి టైపు చేసినవాడికి కూడా సమానత మాత్రమే చూసే యంత్రం మార్కు వేస్తుంది, ఎందుకంటే అది ఎక్స్ = 3కు సమానమే. కాబట్టి ఏ లెక్కలో సమానత చాలు, ఏ లెక్కలో రూపం కూడా చూడాలి అన్నది ఉపాధ్యాయుడు ముందే నిర్ణయించి చెప్పాలి. 1/2ఎక్స్ అని ఫోనులో కొట్టిన పిల్ల ఉద్దేశం ఎక్స్‌లో సగమో, ఒకటిని 2ఎక్స్‌తో భాగించడమో యంత్రానికి తెలియదు గనుక, దిద్దే ముందు "నువ్వు రాసింది ఇదేనా?" అని పుస్తకంలో అచ్చయినట్లు చూపించాలి.

ఇదంతా కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు గణితాచార్యులు 1990లలోనే వెబ్‌వర్క్ అనే వ్యవస్థను మొదలుపెట్టారు. బ్రిటన్‌లో పుట్టిన స్టాక్ అనే వ్యవస్థ మాక్సిమా అనే బీజగణిత సాఫ్ట్‌వేరుతో సమాధానాలను పరీక్షిస్తుంది. రెండూ ఉచితమే, వాటి కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. అన్ని రకాల గణిత సమాసాలకూ సమానతను తేల్చగల యంత్రం అసాధ్యమని 1968లో రిచర్డ్‌సన్ అనే గణితవేత్త నిరూపించిన మాట నిజమే. కానీ ఆ అడ్డంకి తొమ్మిదో తరగతి రేఖీయ సమీకరణాల దరిదాపులకు రాదు. దాన్ని సాకుగా చూపే వీలు లేదు.

రుషికొండ, మధురవాడల్లో ఇంతమంది సాఫ్ట్‌వేరు ఇంజినీర్లున్న ఈ నగరంలో పాఠశాలల యాజమాన్యాలను నేను కోరేది ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరానికి ఏ యాప్‌కైనా డబ్బు కట్టే ముందు, తమ లెక్కల మాస్టారినో టీచరమ్మనో కూర్చోబెట్టి, పైన చెప్పిన సమాధానాలన్నీ అందులో టైపు చేయించి చూడాలి. పావుగంట పని. మా మనవరాలి లెక్కను తిరిగి దిద్దమని నేను రాసిన లేఖకు బడి నుంచి ఇంకా జవాబు రాలేదు. వచ్చేలోపు ఆ అమ్మాయి ప్రతి సమాధానాన్నీ యాప్‌కు నచ్చే రూపంలోకి మార్చి రాయడం అలవాటు చేసుకుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.