డాలరు గుర్తును మింగింది నీ ల్యాప్‌టాపే

అనంతపురం

రమణా,

బాగుండావా అప్పా? ఈడ ఎండ మండిపోతాంది, కర్నూల్లో చెప్పనక్కర్లేదు. ఎంజినెక్స్ (సర్వర్‌లో వెబ్‌సైట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) కాన్ఫిగ్ ఫైల్లో రాయమని ఎస్ఎస్‌హెచ్‌తో $హోస్ట్ అని పంపితే సర్వర్‌లో ఆ చోటు ఖాళీగా ఉందని రాసినావు. సర్వర్‌ను తిట్టొద్దు, దానికేం తెలీదు పాపం.

ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న సర్వర్‌కు కమాండు పంపే దారి) పంపే కమాండును రెండు షెల్‌లు (మనం టైపు చేసింది చదివి నడిపే ప్రోగ్రాములు) చదువుతాయి, ముందు నీది, తర్వాత సర్వర్‌ది. ఈ ఉత్తరాన్ని గుత్తిలో ఎవరో విప్పి, తనకు అర్థమైనట్ల తిరగరాసి నీకు పంపితే ఎట్లుంటాది? అట్లనే. డబుల్ కోట్లలో $హోస్ట్ కనబడితే నీ షెల్ దాన్ని తన వేరియబుల్ (ఒక విలువకు పెట్టిన పేరు) అనుకుంటాది, దొరక్కపోతే ఖాళీ పెడతాది. పైగా ఎస్ఎస్‌హెచ్ నీవిచ్చిన ముక్కలన్నిటినీ స్పేస్‌లతో అతికి ఒకే వరుసగా పంపుతాది. నీ కోట్లు ఈడే ఊడిపోయినాయి కాబట్టి సర్వర్ షెల్ దాన్ని మళ్లా తన ఇష్టప్రకారం విడగొడతాది.

అందుకే కమాండు మొత్తానికి బయట సింగిల్ కోట్లు పెట్టు. వాటి లోపల నీ షెల్ దేన్నీ ముట్టుకోదు. చిక్కేమంటే, సర్వర్ షెల్ కూడా డాలర్లను మింగకుండా లోపల ఇంకో సింగిల్ కోట్ కావాలంటే '\'' అని రాయాల: ముయ్యి, బ్యాక్‌స్లాష్‌తో ఒకటి పెట్టు, మళ్లా తెరువు. ఇట్లాంటివి నాలుగు పడితే ఆ వరుస కంపచెట్టే. ఈ విద్యలో ఆరితేరాలని మాత్రం చూడొద్దు.

> గుర్తు, && గుర్తు కోట్ల బయట ఉంటే ఆ పని (మొదటిది ఫైల్లో రాయడం, రెండోది తర్వాతి కమాండు నడపడం) నీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతాది. లోపల పెట్టినా 'సుడో ఎకో ... > ఫైలు' పనిచేయదు: ఫైలును తెరిచేది సుడో (అడ్మిన్ అధికారంతో కమాండు నడిపేది) కాదు, మామూలు యూజర్ షెల్. ఆడ 'సుడో టీ' వాడాల, టీ (tee) అంటే తనకొచ్చిన రాతను ఫైల్లో రాసే కమాండు. చివర చేర్చాలంటే -ఎ మర్చిపోవద్దు, లేకుంటే పాతదంతా తుడిచిపెట్టుకుపోతాది.

నేనైతే కాన్ఫిగ్ రాతను కమాండు వరుసలో పెట్టనే పెట్టను. ఇట్ల పంపు, రెండు 'ముగింపు'ల మధ్య ఉన్నదంతా టీకి పోతాది (/డెవ్/నల్ అంటే తెరమీద పడేదాన్ని పారేసే చోటు):

ఎస్ఎస్‌హెచ్ సర్వర్ 'సుడో టీ ఫైలు > /డెవ్/నల్' <<'ముగింపు'
ఈడ కాన్ఫిగ్ ఉన్నదున్నట్ల
ముగింపు

మొదటి 'ముగింపు'కు కోట్లు తీసేస్తే డాలర్లు మళ్లా మాయం. చివరి 'ముగింపు' వరుస మొదట్లోనే ఉండాల, ముందూ వెనకా స్పేస్ ఉండకూడదు. సుడో పాస్‌వర్డ్ అడిగే సర్వర్‌లో ఇది నడవదు, దానికి టెర్మినల్ కావాల. అప్పుడు ఎస్‌సీపీతో (ఎస్ఎస్‌హెచ్ మీద ఫైలు పంపే కమాండు) /టీఎంపీలో (తాత్కాలిక ఫోల్డర్) దించి, ఎస్ఎస్‌హెచ్ -టీతో (టెర్మినల్ ఇచ్చేది) పోయి సుడో సీపీ (కాపీ) చెయ్యి. ఎంవీ (ఫైలును జరిపేది) వద్దప్పా, ఫైలు నీ పేరుమీదే వచ్చి కూర్చుంటాది. పాత ఫైలు మీద సీపీ చేస్తే దాని ఓనరూ పర్మిషన్లూ అట్లనే ఉంటాయి.

సెడ్ -ఐ (ఫైల్లోనే మాటలు మార్చే కమాండు) తప్పదంటే, పాత్‌లో స్లాష్‌లుంటే వేరుచేసే గుర్తుగా | పెట్టుకో. మార్చే భాగంలో & వస్తే 'దొరికిన మాటంతా' అని అర్థం, యూఆర్ఎల్‌లలో కొంప ముంచేది ఇదే. ఇంకోటి, సైట్స్-ఎనేబుల్డ్‌లో (ఎంజినెక్స్ చదివే సైట్ల ఫోల్డర్) మామూలుగా ఉండేవి సింలింక్‌లు (వేరే చోటున్న ఫైలును చూపించే లింకులు). సెడ్ -ఐ కొత్త ఫైలు చేసి పాతదాని స్థానంలో పెడతాది కాబట్టి లింకు తెగిపోతాది. సైట్స్-అవైలబుల్‌లోని అసలు ఫైలునే మార్చు.

బ్యాకప్‌ను కూడా సైట్స్-ఎనేబుల్డ్‌లో పెట్టొద్దు. ఉబుంటులో ఎంజినెక్స్ ఆ ఫోల్డర్‌లోని ప్రతి ఫైలునూ చదువుతాది, నీ బ్యాకప్‌తో సహా. మార్చినాక ఎంజినెక్స్ -టీ (కాన్ఫిగ్‌లో తప్పులు చూసేది) సరే అంటేనే రీలోడ్. ఎస్ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌లను అందుకునేది) కాన్ఫిగ్ అయితే ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ చెయ్యి, ఇంకో కిటికీలో ఒక లాగిన్ తెరిచే ఉంచు.

వాట్సాప్‌లో వచ్చిన కమాండు అతికించినావా ఏం? కోట్లు వంకరగా ఉంటే షెల్‌కు అవి కోట్లే కావు, వట్టి అక్షరాలు.

నీ సర్వర్‌లో సుడో పాస్‌వర్డ్ అడుగుతాందో లేదో రాయి, దాన్నిబట్టి మిగతాది చెప్తా.

నీ
శీనూ