పరిచర్య నిధికి నెలవారీ కానుకల విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, శ్రేయోభిలాషులకు వందనాలు.

సంఘ పరిచర్య నిధి నుంచి ఇప్పుడు మూడు పనులు జరుగుతున్నాయి. కూలి ఎగవేతకు గురైన పనివారికి అండగా నిలవడం, మంచాన పడినవారికి సేవ చేయడం, నడవలేనివారికి ఉపకరణాలు ఇవ్వడం. పండుగలకు వచ్చే కానుకతో వీటిని మొదలుపెట్టగలం గానీ ఆఖరు దాకా నడపలేం. అందుకే పెద్ద మొత్తం ఒక్కసారి ఇవ్వమని అడగడం లేదు. చిన్నదైనా ప్రతి నెలా తప్పకుండా అందే కానుక కావాలి. ఆదివారం ఆదివారం ఎవరి రాబడిని బట్టి వారు కొంత తీసి ఉంచమని పౌలు కొరింథు సంఘానికి చెప్పిన పద్ధతి కూడా ఇదే (1 కొరింథీ 16:2).

ముందుగా కూలి సంగతి. పనివాని కూలి పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండం 24:15 ఆజ్ఞాపిస్తోంది. అతడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా అక్కడే చెప్పింది. మోసంగా బిగబట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు రాశాడు (5:4). వాక్యం ఇంత సూటిగా ఉన్నప్పుడు, ఇది లోక వ్యవహారం, మనకెందుకని సంఘం తప్పుకోలేదు.

కూలి ఫిర్యాదులు చెడిపోవడానికి ఒక కారణం రాతకోతలు లేకపోవడం. అంతకంటే పెద్ద కారణం ఇంట్లో గింజలు నిండుకోవడం. ఫిర్యాదు పెట్టిన కొన్నాళ్లకు యజమాని తరఫు మనిషి వచ్చి, సగం డబ్బు చేతిలో పెట్టి, మొత్తం ముట్టినట్టు సంతకం అడుగుతాడు. పిల్లలు పస్తులుంటే ఎవరైనా సంతకం చేస్తారు. మిగతా సగం అడిగే దారి ఆ కాగితంతో దాదాపు మూసుకుపోతుంది. అందుకే మా దృష్టిలో అన్నం పెట్టడం, న్యాయం కోసం నిలబడడం రెండు వేరు పరిచర్యలు కావు. ఫిర్యాదు తేలేదాకా ఆ ఇంటికి సరుకులు, అద్దెలో కొంత భాగం, విచారణకు వెళ్లివచ్చే ఛార్జీలు నిధి భరించాలి. న్యాయవాది రుసుము, భాష రానివారికి దుబాసీ ఖర్చు కూడా ఇందులోంచే. మీ కానుకలో ఎక్కువ భాగం ఇక్కడికే వెళుతుంది. అలా వెళ్లడమే సరైనదని కమిటీ అభిప్రాయం.

ఎవరైనా ఫిర్యాదుతో వస్తే మొదటి రోజే వివరాలు రాసుకుంటాం: పనిచేసిన తేదీలు, గంటలు, ఒప్పుకున్న కూలి, అందినది, పని చూపించినవారి పేరు, ఫోన్ నంబరు, పక్కన పనిచేసినవారిలో సాక్ష్యం చెప్పగలవారు. ఫోన్‌లో మెసేజ్‌లు, పనిచోట తీసిన ఫోటోలు ఉంటే చెరిపేయవద్దని చెప్పి నకళ్లు తీసుకుంటాం. అసలు కాగితాలు మాత్రం ఎప్పుడూ పనివారి దగ్గరే ఉండాలి. మధ్యవర్తుల చేతుల్లో అవి పోతే ఇక ఆధారం మిగలదు. ఇలాంటి ఫిర్యాదులకు సాధారణంగా చట్టం గడువు పెడుతుంది. రేపిస్తాం, మాపిస్తాం అనే మాటల మధ్య ఆ గడువు దాటిపోతుంది కాబట్టి ఆఖరి తేదీ ఏదో మొదటే కనుక్కుని ఫైలు అట్ట మీద రాస్తాం. యజమానితో మాట్లాడటానికి ఎప్పుడూ ఇద్దరు వెళతారు, మాట్లాడింది ఆ రోజే రాసి పెడతారు.

మంచాన పడినవారి విషయంలో అన్నిటికంటే ముందు కావలసింది మనుషులు. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది కాబట్టి వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో ఉంచాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరో దిండు పెట్టాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, తల వెనుక భాగం రోజూ చూడాలి. వేలితో నొక్కినా పోని ఎరుపు కనిపిస్తే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయకూడదు, లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. గాలి పరుపు ఉంది కదా అని తిప్పడం మానేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. రాత్రంతా మేలుకుని తిప్పే భార్యకో కూతురికో వారంలో ఒక్క రాత్రి అయినా నిద్ర దొరకాలని, శిక్షణ పొందిన సహాయకులను ఇద్దరిద్దరిగా పంపుతున్నాం. వారి ప్రయాణానికి, చేతి తొడుగులకు, దుప్పట్లకు, డైపర్లకు డబ్బు కావాలి.

నడవలేనివారికి అరువుగా ఇచ్చే చక్రాల కుర్చీలకు మరమ్మతు ఖర్చు ఉంటుంది. టైరులో గాలి తగ్గితే బ్రేకు పట్టదు, మనిషి లేచే సమయంలో కుర్చీ వెనక్కి జారుతుంది. ముందు చిన్న చక్రాల ఇరుసులో వెంట్రుకలు చుట్టుకుంటే అవి బిగుసుకుపోతాయి. ప్రార్థనా మందిరం మెట్ల పక్కన ర్యాంపు కూడా కట్టాలి. సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు ఉండాలి కాబట్టి, 60 సెంటీమీటర్ల ఎత్తుకు 7.2 మీటర్లు పడుతుంది. స్థలం చాలదని నిటారుగా కడితే కుర్చీ వెనక్కి పడే ప్రమాదం ఉంది.

సహాయం అందుకోవడానికి సభ్యత్వంతో గానీ, బాప్తిస్మంతో గానీ, మతంతో గానీ పని లేదు. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రు అనుదిన పరిచర్యలో చిన్నచూపుకు గురైనప్పుడు అపొస్తలులు ఆ సణుగుడును తోసిపుచ్చలేదు, ఏడుగురిని ఏర్పాటు చేయించారు (అపొ. కార్యములు 6). నోరు తెరిచి అడగలేనివారే మొదట జాబితాలోంచి జారిపోతారు. అందుకే ప్రతి మూడు నెలలకూ జాబితాను తిరిగి చూస్తాం.

లెక్కల సంగతి. నిధికి ప్రత్యేక ఖాతా ఉంది. కానుకలను బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కిస్తారు, ఖర్చుకు రెండు సంతకాలు తప్పనిసరి. తన బంధువుల దరఖాస్తు వచ్చినప్పుడు ఆ కమిటీ సభ్యుడు చర్చలో కూర్చోడు. నెలవారీ జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెడతాం. అందులో సహాయం పొందినవారి పేర్లు, ఫోటోలు ఉండవు, కేసు నంబరు మాత్రమే ఉంటుంది. విరాళం కోసం ఎవరి పేదరికాన్నీ బయట పెట్టం.

పాత బట్టలు, తెరిచిన మందులు దయచేసి తేవద్దు. వాటిని వేరు చేయడానికి పట్టే సమయం సేవలోంచి పోతుంది. గడువు తీరిన మందు అపాయం కూడా.

నెలవారీ కానుక ఇవ్వదలచినవారు కోశాధికారి దగ్గర పేరు, మొత్తం రాయించి రసీదు తీసుకోండి. ఫలానా పనికే వాడాలనుకుంటే కవరు మీద ‘కూలి’, ‘సేవ’, ‘ర్యాంపు’ అని రాయండి. ఏమీ రాయకపోతే అవసరం ఎక్కువ ఉన్నచోట వాడతాం. ఒక నెల ఇవ్వలేకపోతే ముందుగా ఒక్క మాట చెప్పండి చాలు, ఎవరూ కారణం అడగరు. డబ్బు ఇవ్వలేనివారు వారంలో ఒక రాత్రి సేవకో, ఫారాలు నింపడానికో, కుర్చీల మరమ్మతుకో పేరు ఇవ్వవచ్చు.

ఇట్లు,
ప్రభువు సేవలో,
సంఘ పరిచర్య కమిటీ