గొయ్యి తవ్వకముందే ఒక మాట

చిట్టితల్లీ,

నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. పనుల్లో ఉండి ఉంటావని మీ అమ్మ అంటోంది. మేం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మొన్న మీ పిన్ని మాటల మధ్యలో, "అమ్మాయి పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తోందట కదా, బుజ్జిగాడి పేరున వేసిన డబ్బు తీసి అడ్వాన్స్ కూడా ఇచ్చేసిందట" అంది. నేనేమీ అనలేదు. దాని గురించి అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు కూడా.

అల్లుడిగారి నడుం ఎలా ఉంది? డాక్టరు ఈత కొట్టమన్నారని పోయినసారి చెప్పావు. మంచిదే. నీకు ఈత నేర్పింది నేనే, పూల్ వద్దని నేనెందుకు అంటాను? ఊరికే కూర్చుని ఒక లెక్క వేశాను, చూడు. మీ పెరట్లో ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు పడుతుంది. సగటు లోతు 1.4 మీటర్లు అనుకుంటే దాదాపు 45 వేల లీటర్ల నీళ్లు కావాలి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైపోయినా 160 లీటర్లు పోయినట్టే. పైన కవర్ కప్పితే అందులో చాలావరకు ఆగుతుంది, అందుకే కవర్ ఖర్చు మొదటి కొటేషన్‌లోనే వేయించు. పంపు వేరియబుల్ స్పీడ్‌ది, అంటే వేగం మార్చుకోగలిగేది తీసుకో. వేగం సగం చేస్తే అది లాగే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎక్కువ గంటలు తిప్పాల్సి వచ్చినా బిల్లులో కలిసివస్తుంది.

కట్టడానికయ్యే ఖర్చు అందరూ చెబుతారు, ఏటా అయ్యే ఖర్చు ఎవరూ చెప్పరు. కరెంటు, క్లోరిన్, ఫిల్టర్, శుభ్రం చేసేవాళ్ల జీతం, ఇంటి ఇన్సూరెన్స్‌లో పెరిగే మొత్తం, ఇవన్నీ వేరే పుస్తకంలో రాసుకో. వినైల్ లైనర్ పూల్, అంటే లోపల ప్లాస్టిక్ షీటు పరిచేది, మొదట చవక, కానీ ఓ పదేళ్లకు లైనర్ మార్చాలి. కాంక్రీటు అయితే ఏ ఆకారం కావాలన్నా కట్టొచ్చు, కానీ నెలలు పడుతుంది. లోపలి ప్లాస్టరు కూడా పది పదిహేనేళ్లకు మళ్లీ చేయించాలి. ఫైబర్‌గ్లాస్ తొట్టి తయారుగా వస్తుంది, త్వరగా దింపుతారు. కానీ అంత పెద్ద తొట్టి మీ ఇంటి పక్క సందులోంచి పడుతుందా? క్రేన్‌తో ఇంటి మీదుగా దింపాలంటే అదో ఖర్చు. తవ్విన మట్టి ఎత్తిపోయించడం, చుట్టూ నేల, కంచె, ఎర్తింగ్, పర్మిషన్ ఫీజు, మొదటిసారి నీళ్లు నింపడం, ఇవి కొటేషన్‌లో ఉన్నాయో లేవో ఒక్కొక్కటి అడుగు. గొయ్యిలో రాయి తగిలితే లెక్కంతా మారిపోతుంది. అన్నీ కలిపిన మొత్తం మీద మరో 15 నుంచి 20 శాతం పక్కన ఉండాలి. ఆ పక్కన ఉండే డబ్బు బుజ్జిగాడిది కాకూడదు.

పెద్దమామయ్య పూల్ సంగతి నీకు పూర్తిగా తెలియదనుకుంటా. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఆయన ఎంత ముచ్చటపడి కట్టించుకున్నాడో! ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, పూల్ నీళ్లు పచ్చబడ్డాయి. క్లోరిన్ వేసి, ఫిల్టర్ తిప్పితే సరిపోయేది. శుభ్రం చేయడానికి వచ్చినవాడు మాత్రం మొత్తం తోడేస్తే పని తొందరగా అవుతుందన్నాడు. మామయ్య సరేనన్నాడు. రాత్రంతా పంపు పెట్టి తోడారు. తెల్లారి అత్తయ్య పెరట్లోకి వెళ్లి కేక పెట్టింది. కింద భూమిలో నీటిమట్టం పైకి ఉంది, లోపల బరువు పోయింది. ఖాళీ తొట్టి పడవలా తేలి ఒకవైపు జానెడు లేచింది. చుట్టూ పరిచిన బండలు పగిలాయి, పైపులు తెగాయి. మట్టి పరీక్ష చేయించలేదు, అడుగున నీటి ఒత్తిడి వదిలే వాల్వ్ పెట్టలేదు. కట్టినవాళ్లని అడిగితే కాగితంలో ఆ మాట లేదన్నారు. నిజమే, లేదు. డబ్బు మాత్రం అప్పటికే మొత్తం ఇచ్చేశాడు. మీ అమ్మ ఇప్పటికీ అన్నయ్య దగ్గర ఆ మాటెత్తదు. ఆయన ముఖం చూడలేం.

అందుకే అడ్వాన్స్ గురించి అడుగుతున్నాను. ఇచ్చావా? ఎంత ఇచ్చావు? రసీదు ఉందా? తవ్వకానికి ఇంత, కడ్డీ కట్టాక ఇంత, కాంక్రీటుకు ఇంత అని రాయించు. నీళ్లు నింపి, పంపు నడిపి, లీకు లేదని తేలేదాకా చివరి వాయిదా నీ చేతిలోనే ఉండాలి.

ఇంకొకటి. కంచె పూల్ కట్టాక చూద్దాం అనుకోకు, నీళ్లు నింపకముందే అది నిలబడాలి. నాలుగు వైపులా కావాలి, ఇంటి వైపు కూడా. ఎత్తు కనీసం 1.2 మీటర్లు. గేటు దానంతట అదే మూసుకుని గడియ పడాలి, గడియ పిల్లలకు అందకూడదు. కంచె పక్కన ఎక్కడానికి వీలుగా కుర్చీ, పూలకుండీ ఏదీ ఉంచకండి. అడుగున నీళ్లు లాగే రంధ్రాలు దూరదూరంగా రెండు పెట్టించి, జుట్టూ వేళ్లూ ఇరుక్కోని మూతలు వేయించు. చిన్నపిల్లలు మునిగేటప్పుడు కేకలు వినబడవమ్మా, చప్పుడే ఉండదు. బుజ్జిగాడికి ఇంకా మూడేళ్లే. వాడు వెనక తలుపు తీయడం నేర్చుకున్నాడని నువ్వే మురిసిపోతూ చెప్పావు. అప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

చెప్పకూడదనుకుంటూనే ఇంత రాశాను. నువ్వు రాత్రి ఆలస్యంగా పడుకుంటున్నావని అల్లుడిగారు అమ్మతో అన్నారట. ఈ కొటేషన్లు పగలు చూసుకో. డబ్బు చాలకపోతే ఒక ఏడాది ఆగు, లేదా నన్ను అడుగు. బుజ్జిగాడి డబ్బు తీసి ఉంటే కూడా చెప్పు, నేను కోప్పడను. కొటేషన్లు ఫొటో తీసి పంపు, కళ్లద్దాలు మార్పించాను, చదవగలను.

మీ నాన్న

తా.క. పెరట్లో కరెంటు కేబుల్, మురుగు పైపు ఎటు పోతున్నాయో ఇంటి ప్లాన్‌లో ఉంటుంది. ఆ కాగితాలు మీ బీరువా పై అరలో నీలం ఫైల్లో పెట్టానని అమ్మ చెప్పమంది. స్టూలు వేసుకుని నువ్వు ఎక్కకు, అల్లుడిగారిని తీయమను.